చలి తగ్గేలోపు మఫ్లర్ అల్లడం ఎలా

కొత్తగా సూదులు పట్టినవాళ్ల మఫ్లర్లు చాలావరకు జానెడు పొడవు దగ్గరే ఆగిపోతాయి. చేతకాక కాదు, లెక్క చూసుకోక. సన్నటి ఊలు, సన్నటి సూదులు ముందేసుకుని కూర్చుంటే మెడకు చుట్టుకునే వేళకు ఎండలు ముదురుతాయి. కాబట్టి ముందు లెక్క, తర్వాతే ఊలు.

పెద్దవాళ్ల మెడకు 18 సెం.మీ. వెడల్పు, 160 సెం.మీ. పొడవు చాలు. మధ్యరకం మందం ఊలు, 5 మి.మీ. సూదులతో అల్లితే 10 సెం.మీ. వెడల్పుకు సుమారు 17 కుట్లు, 10 సెం.మీ. ఎత్తుకు సుమారు 34 వరుసలు పడతాయి. అంటే అడ్డంగా 31 కుట్లు, నిలువునా 544 వరుసలు. మొత్తం దాదాపు 17 వేల కుట్లు. కొత్త చెయ్యి నిమిషానికి 15 కుట్లు వేస్తుందనుకుంటే 19 గంటల పని. రోజూ రాత్రి ఒక గంట కూర్చుంటే మూడు వారాల్లోపే అయిపోతుంది. ఇదే కొలత మఫ్లర్‌ను సన్న ఊలుతో, 3 మి.మీ. సూదులతో అల్లితే కుట్లు 39 వేలు దాటుతాయి, 40 గంటలకు పైనే పడుతుంది. బాగా లావు ఊలు, 8 మి.మీ. సూదులు తీసుకుంటే ఎనిమిది గంటల్లో తెమిలిపోతుంది. కానీ ఆ మఫ్లర్ మెడ చుట్టూ దిండులా ఉబ్బుతుంది, బరువుకి సాగిపోతుంది కూడా. మొదటిసారికి మధ్యరకమే మేలు.

ఊలు, సూదులు

ఈ కొలతకు 200 గ్రాముల ఊలు తెచ్చుకోండి. మధ్యరకం ఊలు 100 గ్రాములకు సుమారు 200 మీటర్లు వస్తుంది. కొంచెం మిగులుతుంది, కుచ్చులకు పనికొస్తుంది. ఉండ మీది లేబుల్ చదవకుండా కొనకండి. అందులో మూడు సంగతులు చూడాలి: ఏ సైజు సూది వాడాలో, ఎన్ని మీటర్లు ఉందో, రంగు లాట్ నంబరు ఎంతో. ఒకే రంగు పేరుతో ఉన్నా లాట్ మారితే ఛాయ మారుతుంది. కొట్లో దీపం కింద ఒకేలా కనిపించిన రెండు ఉండలు పగటి వెలుతురులో తేలిపోతాయి. తప్పనిసరై వేరే లాట్ తేవాల్సి వస్తే, మొదటి ఉండ పూర్తిగా అయ్యేదాకా ఆగకుండా చివరి పది పదిహేను సెంటీమీటర్లలో రెండు వరుసలు పాతది, రెండు వరుసలు కొత్తది అల్లుతూ పోండి. తేడా ఒక గీతలా కొట్టొచ్చినట్టు కనబడకుండా కలిసిపోతుంది.

గొర్రె ఊలు తన బరువులో దాదాపు మూడో వంతు తేమను పీల్చుకున్నా తడిగా అనిపించదు. ఊపిరి ఆవిరి పడే మెడ దగ్గర అందుకే అది హాయిగా ఉంటుంది. అక్రిలిక్ తేలికగా ఉతుక్కోవచ్చు, పురుగు కొట్టదు, కానీ నిప్పు తగిలితే కరిగి ఒంటికి అంటుకుంటుంది. చలిమంట దగ్గర, హీటర్ దగ్గర కూర్చునేవాళ్లకు ఈ సంగతి తెలిసి ఉండాలి. గుచ్చుకుంటుందో లేదో చేత్తో పట్టి చూస్తే తెలియదు, అరచేతి చర్మం మందం. ఉండను మెడ పక్కన ఒక నిమిషం ఆనించి చూడండి.

రంగు లేతగా, దారం నున్నగా ఉండాలి. నలుపు, ముదురు నీలం రాత్రి దీపం కింద కుట్టు కనపడనివ్వవు. నూగు నూగుగా ఉండే ఊలు అందంగానే ఉంటుంది కానీ తప్పు పడితే విప్పలేం, పీచులు ఒకదాన్నొకటి పట్టేసుకుంటాయి.

సూదులు చెక్కవో వెదురువో తీసుకోండి. లోహపు సూదులు చలికి చల్లగా తగులుతాయి, పైగా జారుడు ఎక్కువ. చేయి కుదరనివాళ్లకు కుట్లు వాటి మీంచి చెప్పకుండానే దిగిపోతాయి. వీటితో పాటు ఒక క్రోషే సూది, మొన మొద్దుగా ఉన్న దబ్బనం, కత్తెర, టేపు, నాలుగైదు పిన్నీసులు దగ్గర పెట్టుకుంటే చాలు.

ఊలు చిలపగా, అంటే ఉండ చుట్టని దారపు కట్టగా వస్తే నేరుగా అల్లొద్దు, చిక్కుపడి తీరుతుంది. ఇంట్లో ఒకరు రెండు చేతులు చాచి చిలపను పట్టుకోవాలి, ఇంకొకరు ఉండ చుట్టాలి. పట్టుకున్నవాళ్లు దారం వచ్చే వైపు చేతిని కొద్దిగా వంచుతూ ఉంటే సాఫీగా వస్తుంది. చుట్టేటప్పుడు రెండు వేళ్లు ఉండతో పాటే కలిపి చుట్టి, పది పన్నెండు చుట్లకోసారి వేళ్లు బయటకు తీసి వైపు మార్చండి. బిగించి చుడితే ఊలు సాగి ఉండిపోతుంది. అల్లినప్పుడు బాగానే ఉన్నట్టుంటుంది, ఉతికాక ముడుచుకుంటుంది.

నమూనా ముక్క

దీన్ని ఎగ్గొట్టాలని అందరికీ ఉంటుంది. పైన చెప్పిన 17 కుట్ల లెక్క మీ చేతికి వర్తిస్తుందో లేదో తేల్చేది ఇదొక్కటే. 24 కుట్లు వేసి 40 వరుసలు అల్లండి, వేయడం, అల్లడం ఎలాగో కింద ఉంది. బల్ల మీద సాగదీయకుండా పరచి, అంచులు వదిలేసి మధ్యలో 10 సెం.మీ.లో ఎన్ని కుట్లున్నాయో లెక్కపెట్టండి. 20 వచ్చాయంటే మీ చెయ్యి బిగువు, ఒక సైజు లావు సూది తీసుకోండి. 14 వచ్చాయంటే వదులు, ఒక సైజు సన్నది. సూది మార్చడం కుదరకపోతే కుట్ల సంఖ్య మార్చండి: 10 సెం.మీ.కు వచ్చిన కుట్లను 1.8తో గుణిస్తే మీ 18 సెం.మీ. మఫ్లర్‌కు ఎన్ని కుట్లు వేయాలో తేలుతుంది.

కొత్తవాళ్లలో ఒక వింత ఉంది. మొదటి పది వరుసలు గట్టిగా పట్టుకుని అల్లుతారు, చేయి అలవాటయ్యేకొద్దీ వదులవుతుంది. నేరుగా మఫ్లర్ మొదలుపెడితే అది కింద సన్నగా, పైన వెడల్పుగా గంటలా తయారవుతుంది. ఆ బిగుసుకున్న వరుసలన్నీ నమూనా ముక్కలోనే ఖర్చయిపోనివ్వండి. తర్వాత దాన్ని విప్పేసి అదే ఊలు వాడుకోవచ్చు.

కుట్లు ఎక్కించడం

ఉండ కొస నుంచి 90 సెం.మీ. తోక వదిలి అక్కడ జారుముడి వేసి, దాన్ని కుడిచేతి సూదికి తొడగండి. ఇది మొదటి కుట్టు. తోక దారం ఎడమ బొటనవేలి మీదుగా, ఉండ దారం చూపుడువేలి మీదుగా పోవాలి. రెండు కొసలను మిగిలిన మూడు వేళ్లు అరచేతిలో నొక్కి పట్టాలి. సూదిని కిందికి లాగితే వేళ్ల మధ్య దారం తిరగేసిన గుడిసె కప్పులా నిలబడుతుంది.

ఇప్పుడు సూది మొనను బొటనవేలి బయటి దారం కింద నుంచి పైకి తెచ్చి, చూపుడువేలి మీది దారాన్ని పైనుంచి పట్టి, బొటనవేలి ఉచ్చులోంచి వెనక్కి తీసుకురండి. బొటనవేలిని ఉచ్చులోంచి తప్పించి, తోకను మెల్లగా లాగండి. రెండో కుట్టు పడింది. ఇలా 31 దాకా.

ఇక్కడ చేసే తప్పు ఒక్కటే, బిగించడం. కుట్టుకీ కుట్టుకీ మధ్య పెసరగింజంత ఖాళీ ఉండాలి. కుట్లన్నీ కలిపి పట్టుకుని సూది మీద ముందుకీ వెనక్కీ జరిపితే అడ్డం లేకుండా జరగాలి. జరగకపోతే విప్పి మళ్లీ వేయండి. మొదలు అంచు బిగిస్తే మఫ్లర్ ఆ కొసన మూతి ముడుచుకున్నట్టు ఉంటుంది, తర్వాత ఏం చేసినా అది సర్దుకోదు.

అల్లిక

మఫ్లర్‌కు రెండు వైపులా ఒకే నిట్ కుట్టు చాలు. ఒక వరుస నిట్, ఒక వరుస పర్ల్ (నిట్‌ను తిరగేసిన కుట్టు) వేస్తే ముందువైపు నున్నటి జడలా అందంగా కనిపిస్తుంది కానీ ఆ బట్ట పక్కల నుంచి వెనక్కి చుట్టుకుపోయి గొట్టంలా అవుతుంది. ఉతికి పిన్నులు పెట్టినా కొన్నాళ్లకు మళ్లీ చుట్టుకుంటుంది. అన్ని వరుసలూ నిట్ అయితే రెండు వైపులా బలం సమానం, బట్ట చదునుగా పడి ఉంటుంది.

కుట్లున్న సూది ఎడమ చేతిలో, ఖాళీ సూది కుడిచేతిలో, దారం వెనకాల. నిట్ కుట్టుకు నాలుగు మాటలు గుర్తుంచుకోండి: గుచ్చు, చుట్టు, లాగు, వదులు. కుడి సూదిని మొదటి కుట్టులోకి ముందు నుంచి వెనక్కి, ఎడమ సూది కిందుగా గుచ్చండి. దారాన్ని కుడి సూది చుట్టూ గడియారం ముళ్లకు ఎదురు దిశలో తిప్పండి. ఆ దారాన్ని కుట్టులోంచి ముందుకు లాగండి. పాత కుట్టును ఎడమ సూది మీంచి జార్చండి. పిల్లలైతే ఈ నాలుగు మాటలూ పాడుకుంటూ అల్లేస్తారు. పెద్దవాళ్లు మనసులో అనుకున్నా ఫలితం అదే. దారం కుడిచేత్తో తిప్పాలా, ఎడమ చూపుడువేలి మీంచి అందుకోవాలా అన్నది మీ ఇష్టం. ఒక మఫ్లర్ పూర్తయ్యేదాకా మాత్రం పద్ధతి మార్చొద్దు, బిగువు మారిపోతుంది.

అంచు శుభ్రంగా రావాలంటే ప్రతి వరుసలో మొదటి కుట్టును అల్లకండి. దారం ముందువైపు ఉంచి, కుడి సూదిని ఆ కుట్టులోకి కుడి నుంచి ఎడమకు దూర్చి ఊరికే మార్చుకోండి. తర్వాత దారాన్ని రెండు సూదుల మధ్యలోంచి వెనక్కి పంపి మిగతా 30 అల్లండి. సూది మీదుగా పంపితే మాత్రం ఒక కుట్టు ఎక్కువవుతుంది. అంచు వెంట సన్నటి గొలుసు కనబడుతుంటే సరిగా చేస్తున్నట్టే.

వరుస మధ్యలో లేవకండి. తప్పనిసరైతే, తిరిగి వచ్చాక దారం వేలాడే సూదే కుడిచేతిలోకి రావాలి. ఇది మరిచి తిప్పి పట్టుకుంటే అల్లిన ముక్క మీదే వెనక్కి అల్లుకుపోతారు, అక్కడ ఒక పక్క ఎత్తుగా ఉబ్బి ఉంటుంది.

అరగంటకోసారి సూదులు కింద పెట్టి వేళ్లు చాపి ముడవండి. చలికి వేళ్లు ముందే బిగుసుకుని ఉంటాయి, మణికట్టు నొప్పి పుట్టాక ఆపడం కంటే ముందే ఆపడం నయం. చలికి పగిలిన వేళ్లకు ఊలు పీచు పట్టుకుంటుంది. అల్లే ముందు అరగంట ఆగేలా క్రీము రాసుకోండి, జిడ్డు చేతులతో అల్లొద్దు.

ఎక్కడ తప్పుతుంది

మొదటి 20 వరుసలు ప్రతి వరుస చివరా కుట్లు లెక్కపెట్టండి. తర్వాత పదింటికోసారి చాలు.

కుట్లు 32, 33 అయ్యాయంటే కారణం రెండింట్లో ఒకటి. వరుస మొదట్లో దారాన్ని సూది మీదుగా వెనక్కి లాగితే మొదటి కుట్టు రెండు కాళ్లూ పైకి లేచి రెండు కుట్లలా కనిపిస్తాయి, రెంటినీ అల్లేస్తాం. లేదా మధ్యలో దారం ముందుకొచ్చి ఉండగానే గుచ్చితే సూది మీద అదనపు చుట్టు పడుతుంది, మరుసటి వరుసలో అక్కడ కన్నం కనబడుతుంది. ఆ అదనపు చుట్టు ఇంకా సూది మీద ఉండగా చూస్తే అల్లకుండా జార్చేయండి, సర్దుకుంటుంది.

కుట్లు 30 అయ్యాయంటే ఒకటి జారిపోయింది, లేదా రెండు కలిపి అల్లారు. జారిన కుట్టును వదిలేస్తే నిచ్చెనలా కిందికి దిగుతూనే ఉంటుంది. కనబడగానే ముందు దానికి ఒక పిన్నీసు తగిలించండి. తర్వాత ఆ ఉచ్చు మొదట్లో అడ్డంగా ఉండే బుడిపె మీవైపు ఉండేలా బట్టను తిప్పుకోండి. క్రోషే సూదిని ముందు నుంచి ఉచ్చులో దూర్చి, వెనకున్న నిచ్చెన మెట్టును పట్టి ముందుకు లాగండి. బట్ట తిప్పండి, మళ్లీ అదే పని. ఈ అల్లికలో ఒక్కో మెట్టుకూ ఒక్కోసారి తిప్పాలి. తిప్పకుండా వరసగా లాగేస్తే ఆ ఒక్క గీత నున్నగా తయారై చుట్టూ ఉన్న బుడిపెల మధ్య మచ్చలా కనిపిస్తుంది.

దారంలోని పోగులు చీలి సగమే సూదికి పట్టడం, కుట్టు మెలితిరగడం లాంటివి ఒకటీ అరా ఉంటే వదిలేయండి. మఫ్లర్ మడతల్లో ఎవరూ వాటిని వెతకరు. లెక్క తప్పితే మాత్రం, జారితే మాత్రం ఆగి దిద్దాలి.

పది వరుసలు విప్పాల్సి వస్తే ముందే సూదులు లాగేయకండి. తప్పుకు రెండు వరుసల కింద, బాగున్న వరుసలోని ప్రతి కుట్టు కుడి కాలు కిందుగా ఒక సన్న సూదిని గుచ్చుకుంటూ పోండి. 31 ఎక్కాయని లెక్క చూసుకుని అప్పుడు పై సూది తీసి దారం లాగండి. సరిగ్గా ఆ సన్న సూది దగ్గర ఆగుతుంది.

వరుసలు లెక్కపెట్టడానికి ప్రతి కుట్టూ చూడక్కర్లేదు. ఈ అల్లికలో రెండు వరుసలకు ఒక గట్టు పైకి లేస్తుంది. 272 గట్లయితే పొడవు వచ్చినట్టే. ప్రతి 25 గట్లకూ ఒక పిన్నీసు పెడుతూ పోండి, పిన్నీసులు చాలకపోతే వేరే రంగు దారం ముక్కలు కట్టండి. టేపుతో కొలిచేటప్పుడు బల్ల మీద పరచండి, పట్టుకుని వేలాడదీస్తే దాని బరువుకే సాగి మిమ్మల్ని మోసం చేస్తుంది.

ఉండ మారడం

వెడల్పుకు నాలుగు రెట్ల కంటే తక్కువ దారం మిగిలిందంటే ఇంకో వరుస రాకపోవచ్చు. అంచు దగ్గరే ఆగి, పాతదీ కొత్తదీ 15 సెం.మీ. చొప్పున తోకలు వదిలి కొత్త దారంతో అల్లడం మొదలుపెట్టండి. వరుస మధ్యలో ముడి వేయొద్దు, ఆ ముడి ఎప్పుడో ఒకప్పుడు బయటకు తోసుకొస్తుంది. గొర్రె ఊలు అయితే ఇంకో దారి ఉంది. రెండు కొసలనూ ఐదారు సెంటీమీటర్లు పోగులు విడదీసి, ఒకదాని మీద ఒకటి పెట్టి, తడిచేసి, అరచేతుల మధ్య వేడి పుట్టేలా రుద్దండి. పీచులు కలిసి ఒకే దారం అవుతాయి. అక్రిలిక్‌లో ఇది కుదరదు. మెషీన్‌లో ఉతకొచ్చని లేబుల్ మీద ఉన్న ఊలులో కూడా కుదరదు, ఎందుకంటే కలిసిపోయే గుణాన్ని తీసేసే దాన్ని అలా తయారుచేస్తారు.

పిల్లలు, పెద్దలు, పిల్లి

ఆరేడేళ్ల పిల్లలకు సూదులివ్వకుండా వేళ్ల అల్లిక నేర్పండి. ఎడమచేతి బొటనవేలికి దారం కొస చుట్టి, నాలుగు వేళ్ల మధ్యగా లోపలికీ బయటికీ పోనిచ్చి వెనక్కి తేవాలి. మళ్లీ ఒకసారి అలాగే. ఒక్కో వేలి మీద రెండేసి ఉచ్చులు పడ్డాక, కింది ఉచ్చును పైదాని మీదుగా వేలి కొస నుంచి వెనక్కి దాటించాలి. ఒక వరుస అయింది. ఇది తాడులా పొడవుగా వస్తుంది, టోపీ కట్టుకునే తాళ్లకు సరిపోతుంది. దారాన్ని వేళ్లకు గట్టిగా చుట్టనివ్వకండి, నీలంగా మారితే వెంటనే వదులు చేయాలి.

బామ్మలు, తాతయ్యలు అల్లుతుంటే దీపం ఎడమ భుజం వెనక నుంచి పడేలా పెట్టండి, ఎదురు వెలుగు కళ్లను కొడుతుంది. చేతులు నొప్పి చేసేవాళ్లకు లోహం కంటే వెదురు, మరీ సన్నవి కాకుండా 5 లేక 6 మి.మీ. సూదులు నయం.

ఆటలాడే చిన్నపిల్లలకు పొడవాటి మఫ్లర్ అసలు అల్లొద్దు. జారుడుబల్ల మీదో, ఎక్కడో తగులుకుని మెడకు బిగుసుకునే ప్రమాదం ఉంది. వాళ్లకు 50 సెం.మీ. దాకా అల్లి రెండు కొసలూ కుట్టేసి, తల మీంచి వేసుకునే పట్టీలా చేయండి. తల సులువుగా దూరుతుందో లేదో కుట్టకముందే పట్టి చూసుకోండి.

ఇంట్లో పిల్లి ఉంటే లేచేటప్పుడల్లా ఊలు మూత ఉన్న డబ్బాలో పెట్టాలి. దారం మింగితే పేగుల్లో ఇరుక్కుంటుంది, ఆపరేషన్ దాకా పోవచ్చు.

ముగించడం, ఉతకడం

ఆఖరి వరుసకు 5.5 లేక 6 మి.మీ. సూది కుడిచేతిలోకి తీసుకోండి. రెండు కుట్లు అల్లి, మొదటిదాన్ని రెండోదాని మీదుగా దాటించి వదలండి. ఇంకోటి అల్లి, మళ్లీ దాటించండి. ఒక్కటి మిగిలాక దారం 15 సెం.మీ. వదిలి కత్తిరించి ఆ ఉచ్చులోంచి లాగండి. ఈ అంచు మొదలు అంచంత సాగాలి. అందుకే లావు సూది.

తోకల్ని దబ్బనంతో గట్ల వెంట ఒక దిక్కుకు ఐదు సెంటీమీటర్లు, తిరిగి వ్యతిరేక దిక్కుకు మూడు సెంటీమీటర్లు కుట్టి కత్తిరించండి. ఒకే దిక్కుకు కుడితే నాలుగు వాడకాల్లో బయటికొస్తుంది.

గొర్రె ఊలును చల్లటి నీళ్లలో, మెత్తటి సబ్బు కొంచెం వేసి, 20 నిమిషాలు నానబెట్టండి. రుద్దకండి, పిండకండి, ముంచే నీటి వేడి ఒక్కసారిగా మార్చకండి. వేడి, సబ్బు, రాపిడి మూడూ కలిస్తే ఊలు కంబళిలా బిగిసి మఫ్లర్ కాస్తా జేబురుమాలంత అవుతుంది, మళ్లీ తెరుచుకోదు. తడిసిన మఫ్లర్‌ను పట్టుకుని ఎత్తితే బరువుకి సాగుతుంది, అందుకే కింద చేతులు పెట్టి తీయండి. తువ్వాలులో చుట్టి, పైనుంచి అరచేతులతో నొక్కి నీరు తీసేయండి. పొడి తువ్వాలు మీద చదునుగా పరచి, 18 సెం.మీ. వెడల్పు ఉండేలా అంచులు సర్దండి. అక్రిలిక్ అయితే వేడి ఇస్త్రీ పెట్టకండి, ఒక్క క్షణంలో బిగువు పోయి వేలాడుతుంది.

కుచ్చులు మఫ్లర్ ఆరిన తర్వాతే. ఒక్కో కుచ్చుకు 30 సెం.మీ. దారాలు మూడు తీసుకుని మధ్యకు మడిచి, అంచు కుట్టులోంచి క్రోషే సూదితో ఉచ్చు లాగి, కొసలన్నీ అందులోంచి దూర్చి బిగించండి. ఈ పని పిల్లలకు ఇవ్వండి, కొసలు సమానంగా కత్తిరించేది మాత్రం మీరే.

చలికాలంలో చదునుగా పరచిన ఊలు ఆరడానికి రెండు రోజులు పడుతుంది. పన్నెండు గంటలకోసారి తిప్పి, కింది తువ్వాలు మార్చండి. తొందరపడి హీటర్ మీద వేస్తే ఒక పక్క గట్టిపడుతుంది. ఎవరికైనా ఒక తారీఖుకు ఇవ్వాలనుకుంటే ఈ రెండు రోజులూ లెక్కలో మొదటే కలుపుకోండి.